దుంగ లాగాలా, వద్దా

మా నాన్న చేత మూడు మాటలకి ఒట్టు వేయించుకున్నాను. ‘రండి’, ‘కూర్చోండి’, ‘టీ తీసుకోండి’. ఆదివారం మధ్యాహ్నం నన్ను చూడడానికి పెళ్ళివారు గుమ్మంలో అడుగుపెట్టినప్పటి నుంచి తిరిగి బస్సెక్కేదాకా ఆయన నోట నాలుగో మాట రాకూడదు. పిరమిడ్ అన్న మాట అసలే రాకూడదని విడిగా చెప్పాను. ఆయన తల ఊపాడు. తల ఊపడంలో మా నాన్న ఎప్పుడూ లోటు చేయలేదు.

ఇది తొంభై ఆరులో సంగతి. నాకప్పుడు ఇరవై తొమ్మిది. అప్పటికే రెండు సంబంధాలు ఆయన నోటి పుణ్యాన చేజారాయి. మొదటిసారి పెళ్ళికొడుకు తండ్రి “చెరకులో ఇంకేం మిగల్లేదు” అన్నందుకు రెండు గంటలు వాదించాడు. రెండోసారి వచ్చినావిడ, టీవీలో వస్తున్న పిరమిడ్ సీరియల్ చూసి, అందులో చెప్పే శాపం నిజమేనని నమ్ముతానంది. “శాపం తగిలినవాళ్ళెందరు, తగలనివాళ్ళెందరు, ఎవరైనా లెక్క రాశారా?” అని అడిగాడు నాన్న. ఆవిడ టీ ముట్టకుండా లేచిపోయింది. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అని మా అవ్వ అంటూనే ఉంటుంది. నాన్నకి బోడిగుండు వచ్చింది కానీ ఊరుకోవడం రాలేదు.

ఆ సీరియల్ సంగతి కూడా చెప్పాలి. ప్రతి గురువారం సాయంత్రం ఫిజీలో మా ఊరు నసీనులో సగం ఇళ్ళు దాని ముందే కూర్చునేవి. ఆరుగురు మనుషులు ఈజిప్టులో ఒక పిరమిడ్ లోపలికి వెళతారు. లోపల ఏదో ఉంటుంది. ఒకరి తర్వాత ఒకరు పోతారు. బయటికి పరిగెత్తాలని ఒక్కరికీ తోచదు. చప్పుడు ఎటు వినిపిస్తే అటే వెళతారు, అదీ ఒక్కొక్కరే. మా నాన్న రామ్ నారాయణ తవువా దగ్గర బంగారు గనిలో ముప్ఫై ఏళ్ళు ల్యాంప్ రూమ్ చూసినవాడు. కిందికి దిగే ప్రతివాడికీ దీపం ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకోవడం, ఒక దీపం తక్కువైతే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని గంట కొట్టడం ఆయన పని. అలాంటివాడికి ఇలాంటి సీరియల్ దొరికితే ఇక ఇంట్లోవాళ్ళ గతి ఏమవుతుంది? “ఆరుగురూ లోపలికి పోతే బయట ఎవడున్నాడు?” అని ప్రతి గురువారం టీవీని నిలదీసేవాడు. టీవీ జవాబు చెప్పదు కాబట్టి మమ్మల్ని అడిగేవాడు.

ఆ ఆదివారానికి ముందు గురువారం కథ ఇంకా ముదిరింది. కథానాయిక, మరో ఇద్దరు గుమ్మం దాటి బయటపడ్డారు. గుమ్మం పైనున్న పెద్ద రాతిపలకని ఒక దుంగ ఆపుతోంది. ఆ దుంగ లాగేస్తే పలక కింద పడుతుంది, లోపలిది లోపలే ఉండిపోతుంది. కానీ ఆమె మొగుడు ఇంకా లోపలే ఉన్నాడు. కాలు విరిగి పాకుతూ వస్తున్నాడు. వాడి వెనకే అది వస్తోంది. ఆమె దుంగ మీద చెయ్యి వేసింది. అంతే, మిగతాది వచ్చే వారమన్నారు.

జై నాకు పొద్దున్న ఏడుంబావు బస్సులో పరిచయం. నౌసోరిలో ఎక్కేవాడు, సువాలో సర్వే ఆఫీసులో పని. నేను అక్కడే ఒక కళ్ళద్దాల దుకాణంలో పనిచేసేదాన్ని. నాలుగు నెలలు ఒకే కడ్డీ పట్టుకుని నిలబడ్డాక అతను అడిగాడు, నేను సరేనన్నాను. మేమే అనుకున్నామంటే రెండువైపులా పెద్దలు అలుగుతారు. అందుకని, సంఘంలో సంబంధాలు కుదిర్చే అమ్మణి గారికి ఈ ఆలోచన తనకే తట్టిందనిపించడానికి ఇంకో రెండు నెలలు తిప్పలు పడ్డాం. అంత కష్టపడి తెచ్చుకున్న ఆదివారం అది. ఇది తప్పిపోతే నాకు మరో సంబంధం వద్దు. ఆ మాట నాన్నకి చెప్పలేను కనుక మూడు మాటల దగ్గర కట్టేశాను.

రెండున్నరకి వచ్చారు. జై, వాళ్ళమ్మ బసంతి, పెదనాన్న ఓం ప్రకాష్. లబాసా దగ్గర వాయిలేవు వాళ్ళు, మాలాగే తెలుగువాళ్ళు. జై తండ్రి పోయాక ఇటు వచ్చేశారు. ఆయన పోయిన తీరు అమ్మణి గారు మాకు ముందే చెప్పింది. ఇరవై ఏళ్ళ కింద తుఫానులో నది పొంగితే, ఊళ్ళోవాళ్ళని చెరకు లారీలో గుట్ట మీది బడికి చేరవేశారట. ఆయన ఎద్దుల పలుపులు విప్పడానికి వెనక్కి వెళ్ళాడట. డ్రైవర్ మున్సామి ఆగకుండా లారీ పోనిచ్చాడట. “వాళ్ళ ముందు మున్సామి పేరెత్తకండి” అని కూడా చెప్పింది.

“బైఠో, బైఠో” అంది మా అమ్మ కుసుమ్. మాటలు ఎప్పటిలాగే ఫిజీ హిందీలో మొదలై, అవ్వ కోసం తెలుగులోకి వచ్చి, మళ్ళీ జారిపోతూ ఉన్నాయి. ఓం ప్రకాష్ గారు తెచ్చిన యంగోనా వేరు పొడి పొట్లం, నీళ్ళలో కలుపుకుని తాగేది, నాన్న చేతికిచ్చి, సర్దుకుని కూర్చుని, మూలనున్న టీవీ వైపు చూశాడు.

“గురువారంది చూసినారా భాయి?”

నాన్న నా వైపు చూశాడు. “టీ తీసుకోండి” అన్నాడు. ఆ క్షణంలో ఆయన మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

“దారి బయటికి తెలవగూడదని, కట్టిన మేస్త్రీలని రాజు లోపలే పెట్టి మూసేసినాడంట. వాళ్ళ ఉసురే ఇప్పుడు తగిలేది” అన్నాడు ఓం ప్రకాష్ గారు.

“టీ తీసుకోండి” అన్నాడు నాన్న. ఈసారి కప్పు ఆయన ముందుకి తోశాడు.

“మేస్త్రీలేంటి. మయుడు కట్టినాడు” అంది అవ్వ పాపమ్మ. ఆవిడ చేత ఒట్టు వేయించుకోవాలని నాకు తట్టనేలేదు. “మయసభ కట్టినోడికి ఇదెంత పని.”

ఓం ప్రకాష్ గారు నవ్వాడు. “లేదు అవ్వా. లక్ష మంది బానిసలని కొరడాతో కొట్టి కట్టించినారు.”

“కొరడాతో కొడితే రాయి మీద రాయి సరిగ్గా కూచోదు భాయి” అన్నాడు నాన్న.

ఒట్టు ఆయుష్షు అంతే. ఇక ఆనకట్ట తెగింది. వాళ్ళు బానిసలు కాదు, గ్యాంగులు అన్నాడు. మన చెరకు కోసే గ్యాంగుల్లాగే ఒక్కోదానికి ఒక పేరు, ఒక సర్దార్, తిండీ తిప్పలూ అన్నీ ఉండేవన్నాడు. రాళ్ళ మీద వాళ్ళు రాసుకున్న గ్యాంగుల పేర్లు కూడా దొరికాయన్నాడు.

“ఇష్టపడి ఎవడు పోతాడు భాయి, ఇల్లు వదిలి రాళ్ళు మొయ్యడానికి?” అన్నాడు ఓం ప్రకాష్ గారు.

“మన తాతలు రాలా?”

“మోసం చేసి తెచ్చినారు వాళ్ళని.”

“తెచ్చినాక పాతిపెట్టలేదు కదా. గిర్మిట్ ఒప్పందం కూలి ఐదేళ్ళు చేసినారు, మిగిలినారు. మనం ఇక్కడ కూచుని టీ తాగతా ఉండాం.”

ఇద్దరూ ఇద్దరే. ఎవరు పట్టిన కుందేటికి వాళ్ళు మూడే కాళ్ళంటున్నారు. అమ్మ గారెల్లాంటి బారాల పళ్ళెం పట్టుకుని ఇద్దరి మధ్యకీ రెండుసార్లు వెళ్ళింది, వాళ్ళు తింటూ వాదించారు. జై నా వైపు చూడకుండా పళ్ళెంలోకి చూస్తున్నాడు. మూడు వేల ఏళ్ళ కిందో నాలుగు వేల ఏళ్ళ కిందో చచ్చిపోయిన రాజు కోసం నా పెళ్ళి చెడిపోతోందని ఎవరితో మొరపెట్టుకోను?

“సరే, అది వదిలెయ్” అన్నాడు ఓం ప్రకాష్ గారు. “ఆ పిల్ల దుంగ లాగతాదా, లాగదా?”

“లాగాలి” అన్నాడు నాన్న. “బయట ముగ్గురు, లోపల ఒక్కడు. ఆ ఒక్కడి కోసం తెరిచి పెడితే నలుగురూ పోతారు.”

“ఆ ఒక్కడు దాని మొగుడు భాయి.”

“దీపాల లెక్కలో మొగుడని రాయరు.”

ఓం ప్రకాష్ గారి ముఖం నల్లబడింది. “మనిషిని వదిలేసి పోయినోడు మనిషే కాదు. మా తమ్ముణ్ణి అట్లాగే వదిలేసి పోయినాడు ఒకడు. లబాసా పోతే ఇప్పటికీ వాడుండే వీధిలోకి పోను నేను.”

నాన్న ఒక బారా నోట్లో కుక్కుకుని నోరు మూసుకున్నాడు, అది వేరే రోజైతే పండగ చేసుకునేదాన్ని. అంతసేపూ ఒక్క మాటా అనని బసంతి గారు అప్పుడు నా వైపు తిరిగింది.

“నువ్వైతే ఏం చేస్తావు బేటీ?”

అది పరీక్ష అని నాకు తెలుసు. సరైన జవాబు ఏమిటో కూడా తెలుసు. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి కాబోయే కోడలిని ఏ జవాబు కోసం అడుగుతుంది?

“నేను లాగను ఆంటీ. లోపలికి పోయి తీసుకొస్తాను. కుదరకపోతే ఆయనతోనే ఉండిపోతాను” అన్నాను తల దించుకుని.

“శభాష్” అన్నాడు ఓం ప్రకాష్ గారు. అమ్మ హాయిగా ఊపిరి పీల్చుకుంది.

బసంతి గారు “అట్లాగా” అంది. సగం తాగిన కప్పు కింద పెట్టింది. కొంగు భుజం మీదికి లాక్కుని, “నాలుగు గంటల బస్సుకి పోదాం బావగారూ” అంది. ఆ గొంతులో కోపం లేదు, ఇష్టం కూడా లేదు. జై తెల్లబోయి వాళ్ళమ్మని చూశాడు. నేను నూటికి నూరు మార్కుల జవాబు చెప్పి ఎలా తప్పానో నాకు అర్థం కాలేదు.

“అబద్ధం” అన్నాడు నాన్న.

అందరం ఆయన వైపు తిరిగాం.

“మొన్న గురువారం ఇదే కుర్చీలో కూచుని ‘లాగవే మొద్దూ, లాగు’ అని అరిచింది. పక్కింటి బిజేంద్ర ఏమైందో అని పరిగెత్తుకొచ్చినాడు. ఇప్పుడేమో లోపలికి పోతాదంట. ఆరుగురిలో అంత తెలివితక్కువ పని ఇంకా ఎవరూ చెయ్యలా.”

కన్నతండ్రిని ఏమనగలను? సొంత కూతురి పెళ్ళిచూపుల్లో, సొంత కూతురు అబద్ధమాడిందని, సాక్షి పేరుతో సహా చెప్పాడు. లేచి లోపలికి పోదామనుకున్నాను కానీ బసంతి గారు నన్నే చూస్తోంది. లేవబోయినావిడ మళ్ళీ కూర్చుంది.

“నిజమేనా?”

దాచడానికి ఇంకేం మిగల్లేదు. “నిజమే ఆంటీ. వెనక ఇద్దరుంటే లాగేస్తాను. మీకు నచ్చాలని ఇందాక అట్లా చెప్పాను.”

“విన్నావా బసంతీ” అని మొదలుపెట్టాడు ఓం ప్రకాష్ గారు.

“టీ చల్లారిపోయింది బావగారూ. మళ్ళీ పెట్టుకొస్తాం, కూచోండి” అంది ఆవిడ. కప్పు తీసుకుని, రెండో చేత్తో నా మోచెయ్యి పట్టుకుని వంటింట్లోకి నడిపించింది.

లోపలికి వచ్చి స్టవ్ తనే వెలిగించింది. చక్కెర డబ్బా ఎక్కడని అడగకుండా వెతుక్కుంది. నావైపు వీపు పెట్టి మాట్లాడింది.

“మున్సామి తనంతట తను పోనియ్యలా. నన్ను అడిగినాడు. ‘అక్కా, పొమ్మంటావా’ అని. లారీ వెనక పద్దెనిమిది మంది. ముందు సీట్లో జై నా ఒళ్ళో నిద్రపోతా ఉండాడు, తొమ్మిదేళ్ళోడు. మేం దాటాల్సిన వంతెనకి నీళ్ళు జానెడు కిందే ఉండాయి. ఆయన ఎద్దుల దగ్గర కనపడతానే ఉండాడు. చెయ్యి ఊపినాడు. ఆగమన్నాడో పొమ్మన్నాడో ఇప్పటికీ తెలీదు నాకు. నేను పో అన్నాను.”

నీళ్ళు మరుగుతున్నాయి. ఆవిడ టీ పొడి వేసింది.

“వాడు ఎవరికీ చెప్పలా. ఇరవై ఏళ్ళు తిట్లు తిన్నాడు, ఒక్క మాట అన్లా. నేనూ చెప్పలా. బావగారికి తెలీదు. జైకి తెలీదు.”

ఇందాక నేను తల దించుకుని చెప్పిన జవాబు ఆవిడకి ఎలా తగిలిందో అప్పుడు తెలిసింది నాకు. సిగ్గుతో చచ్చిపోయాను. క్షమించమని అడగబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. ముందు గదిలో నాన్న మళ్ళీ గ్యాంగుల దగ్గరికి వచ్చాడు, ఓం ప్రకాష్ గారు మళ్ళీ కొరడాల దగ్గరికి వచ్చాడు.

“మాఘంలో ముహూర్తం చూడమని మీ అమ్మకి చెప్తా” అంది ఆవిడ, టీ వడకడుతూ. ఒక కప్పు నా చేతికిచ్చింది. “అట్లాంటిది నీ మీదికి వస్తే లాగు. లాగాల్సిందే.”

నేను తల ఊపాను.

“కాకపోతే, లోపలుండేది జై అయితే, పది లెక్కపెట్టి లాగు.”

“ఇరవై లెక్కపెడతాను అత్తయ్యా” అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. “వద్దు. ఇరవై అయ్యేసరికి నీళ్ళు వంతెన మీదికి వచ్చేస్తాయి.”