గంగుబాయి విన్న పడవ

రామచంద్రం సిరిసిల్లలో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాకు హార్మోనియం వాయించేవాడు. 1989 ఎండాకాలంలో ఆర్కెస్ట్రా యజమాని శ్యాంసుందర్‌రావు బొంబాయి నుంచి ఒక పాత సింథసైజర్, ఏ చప్పుడైనా పుట్టించే కరెంటు పెట్టె, కొనుక్కొచ్చి అతని ముందు పెట్టాడు.

"పాటలు అందరు కొడుతరు. నువ్వు పాత సినిమాల సీన్లు కొట్టాలె. చప్పుడు ఇంటే చాలు, జనానికి తెర కండ్లముందుకు రావాలె," అన్నాడు.

ఆ పెట్టెలో ముందే ఉన్న స్వరాలేవీ అందుకు పనికిరాలేదు. చప్పుడు ఎంత మెల్లగా మొదలవ్వాలి, ఎంతసేపు సాగాలి, ఎంత పదునుగా ఉండాలి, ఒక్కోదానికి ఒక్కో మీట. రామచంద్రం నెలరోజులు ఆ మీటలతో కుస్తీ పట్టాడు. హీరోయిన్ చూరు కింద నిలబడినప్పటి వాన, రైలు వెళ్లిపోయాక మిగిలే కూత, రాణిగారి ఉయ్యాల గొలుసు. ఏది కుదిరినా ముందు భార్య గంగుబాయిని పిలిచి వినిపించేవాడు.

గంగుబాయి పద్దెనిమిదేళ్లుగా మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుడుతోంది. నలభై మగ్గాలు ఒక్కసారిగా కొట్టుకునే చోట పొద్దంతా కూర్చుని వచ్చినా, విసుక్కోకుండా గడపలో చతికిలబడి వినేది. "మంచిగుందయ్యా" అనేది.

ఒక ఆదివారం పొద్దున రామచంద్రం ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి, వాన అని చెప్పి మళ్లీ వాయించబోయాడు. మెట్లు నొక్కితే ఏమీ పలకలేదు. ఎందుకా అని వంగి చూడబోతుంటే గంగుబాయి అంది:

"మంచిగుందయ్యా. నిన్నటికంటే వాన జోరుగ పడుతుంది."

వేళాకోళమేమో అనుకుని తలెత్తి చూశాడు. ఆమె ముఖంలో నవ్వు లేదు. సౌండ్ బాక్సు వైరు ఊడి చాప మీద పడి ఉంది.

ఆమె చేట తీసుకుని బియ్యం చెరగడానికి అటు తిరిగింది. "గంగూ" అని మెల్లగా పిలిచాడు. పలకలేదు. మళ్లీ పిలిచాడు. పలకలేదు. లేచి వెళ్లి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"ఎన్ని దినాలసంది ఇనస్తలేదు?"

గంగుబాయి చేట కింద పెట్టింది. "రెండేండ్లాయె. ముందల కూసుంటే మాటలు ఇనస్తయి. సన్న చప్పుళ్లే... పిట్టలు, గజ్జెలు ఇనస్తలేవు. నీకు చెప్తే పరేషాన్ అయితవని చెప్పలే."

"మరి మంచిగుందంటివి?"

"నీ మొఖం చూసి చెప్తుంటి. నువ్వు సంబురంగ ఉన్ననాడు మంచిగ కుదిరినట్టే గద."

మర్నాడే రామచంద్రం ఆమెను కరీంనగర్‌లో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. పోయిన వినికిడి ఇక రాదని, షెడ్డులో చెవులు మూసుకుంటే ఉన్నదైనా నిలుస్తుందని డాక్టరు చెప్పాడు. బరువైన, మందమైన చప్పుళ్లు మాత్రం ఆమెకు ఇప్పటికీ బాగానే వినపడుతున్నాయన్నాడు.

తిరుగు బస్సులో రామచంద్రం ఆమె వైపు వంగి అడిగాడు. "నీకు ఏ సీను బాగ యాదికున్నది?"

ఆమె ఆలోచించలేదు. "మన పెండ్లయిన యేడు, జమ్మికుంటల డేరా టాకీసుల చూస్తిమి. ఇద్దరు పడవల కూసుంటరు. మాట లేదు, పాట లేదు. గాయన తెడ్డు వేస్తడు, గామె నీళ్లల్ల చెయ్యి పెడ్తది. గంతే."

"గంత చిన్న సీనా?"

"గప్పటిదాంక నువ్వు నన్ను పేరువెట్టి పిలువలే. గా పడవ వస్తున్నప్పుడే పిలిచినవ్."

అతనికి అది గుర్తులేదు. ఆ మాట ఆమెతో అనలేదు.

ఆ సాయంత్రమే పడవ పని మొదలుపెట్టాడు. గంగుబాయి సౌండ్ బాక్సు మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. మంద్రంలో ఒక చప్పుడు వేశాడు.

"గట్ల కొట్టద్దు. తెడ్డు నీళ్లను కొట్టదు, తోస్తది."

మొదలు మెత్తగా ఉండేలా మీట జరిపాడు.

"ఇంక జర కిందికి. ఆ... గిప్పుడు పడవ కట్టె మూలగాలె."

మూడు సాయంత్రాలు ఆమె చెబుతూనే ఉంది, అతను మారుస్తూనే ఉన్నాడు. నాలుగోనాడు ఆమె కళ్లు మూసుకుని వింది. కాసేపటికి, "గామె చెయ్యి పెట్టింది," అంది. ఆ చెయ్యి నీళ్లను తాకే చప్పుడంటూ రామచంద్రం ఏదీ చేయలేదు.

ఆ తర్వాత సుల్తానాబాద్‌లో ఒక పెళ్లికి ఆర్కెస్ట్రా వెళ్లింది; రామచంద్రం గంగుబాయిని కూడా వెంట తీసుకెళ్లాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక చప్పుడు విని సీను గుర్తుపట్టే ఆట పెట్టారు. సరిగ్గా చెప్పినవాళ్లకు స్టీలు గ్లాసు. వానకూ రైలుకూ ఈలలు పడ్డాయి. ఎవరికీ తెలియని సీను వద్దని శ్యాంసుందర్‌రావు అంటున్నా రామచంద్రం చివర్లో పడవ వాయించాడు. పందిట్లో "ఏనుగు!" అన్నారు, "పిండిగిర్ని!" అన్నారు. అందరూ నవ్వారు.

ఆడవాళ్ల మధ్య నుంచి గంగుబాయి లేచి నిలబడింది. పదిమందిలో నోరు విప్పని మనిషి.

"పడవ. గది పడవ."

పెళ్లికొడుకు మేనమామ గ్లాసు పట్టుకుని ఆమె ఎదుటికి వచ్చాడు. "మంచిగ పట్టినవమ్మా! పిల్ల తరపా, పిలగాని తరపా?"

గంగుబాయి కొంగు సర్దుకుని వేదిక వైపు చెయ్యి చూపింది.

"గా పెట్టె కొట్టేటాయన తరపు."

పందిరంతా గొల్లున నవ్వింది. రామచంద్రం తలెత్తలేక, నవ్వు ఆపుకోలేక, పడవను అలాగే కాసేపు నడిపించాడు.