గాజులు వినిపించే పెట్టెలు

రత్న పోయిన ఏడాదిన్నరకు గాని మునిశంకర్ మళ్ళీ మనిషి కాలేదు. అదీ దేవుడి వల్ల కాదు, ఓదార్చడానికి వచ్చి మూడుపూటలా తిని వెళ్ళిన బంధువుల వల్ల అంతకన్నా కాదు. బీరువా అడుగున రత్న చీరల కింద దొరికిన ఒక పాత క్యాసెట్టు వల్ల. అది దొరికిన మర్నాడు ఆయన గడ్డం గీసుకున్నాడు. వేళకు ఇంత ముద్ద తిన్నాడు. అంతవరకు ఉలుకూ పలుకూ లేని మనిషి ఆ రోజు కూతురు నయన పని ముగించుకుని బెంగళూరు రైలు దిగి వచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మీయమ్మ దొరికింది" అన్నాడు.

నయన చేతిలోని సంచి గుమ్మంలోనే వదిలేసింది. తరువాత క్యాసెట్టు చూసి, ఏడవాలో నవ్వాలో తెలియక లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుంది.

నయన కడుపులో ఉండగా రత్నకు పుట్టింట్లో, రాయల్పాడులో, సీమంతం చేశారు. రెండు చేతులకూ మోచేతి దాకా పచ్చ గాజులు వేశారు. మర్నాడు పొద్దున ఆమె వసారాలో కూర్చుని రాగులు చెరుగుతూ తనలో తాను ఏదో పాడుకుంటుంటే, మునిశంకర్ గడప అవతల నక్కి కూర్చుని టేపురికార్డరు నొక్కాడు. చేట ఎగరేసినప్పుడల్లా గాజులు గలగలమనేవట. పాట సంగతి ఎట్లా ఉన్నా ఆ గాజుల కోసమే రికార్డు చేశానని ఆయన ఇరవై ఏడేళ్ళుగా చెబుతూ వచ్చాడు. రత్న సిగ్గుపడి దాచేసిన క్యాసెట్టు అది. ఎక్కడ దాచిందో ఆమె బతికుండగా చెప్పనే లేదు.

ఇంట్లో ఉన్న డొక్కు స్పీకరులో దాన్ని వినడానికి ఆయనకు మనసొప్పలేదు. రెండో ఏటి తిథికి ఇంకా ఆరు నెలలుంది. ఆ లోపల తన చేత్తో రెండు స్పీకర్లు చేసి, రత్న గొంతు, రత్న గాజులు అందరికీ వినిపిస్తానన్నాడు. ఇంక ఆ ఇంట్లో వేరే మాట లేకపోయింది.

బంగారు గనుల ఊరు కోరమండల్‌లో వాళ్ళది గని కంపెనీవాళ్ళు కట్టిన రెండు గదుల ఇల్లు. గని మూసేసేదాకా పదహారేళ్ళు మునిశంకర్ భూమి లోపల రాయికి డ్రిల్లు పట్టాడు. మూసేశాక ముందుగదిలో బల్ల వేసుకుని మిక్సీలు, టీవీలు, రేడియోలు బాగు చేస్తూ వచ్చాడు. పగిలిన స్పీకర్లు ఆయన చేతికింద వందలు బాగుపడి ఉంటాయి. కానీ ఎవరో చేసిన పెట్టె విప్పడం వేరు, ఏమీ లేని చోట పెట్టె పుట్టించడం వేరు. ఆ సంగతి మొదటి వారంలోనే తెలిసొచ్చింది.

ముందు ఏ నమూనా అన్నది తేలలేదు. నయన ఫోనులో వెతికి చూపించిన బొమ్మలన్నీ ఆయన పాత క్యాలెండరు వెనక గీశాడు. పెట్టె పుస్తకాల అరలో పట్టేంత చిన్నదిగా ఉండాలి, ఎందుకంటే రత్న ఫొటో ఉన్న అరలోనే అటొకటి ఇటొకటి పెట్టాలి. చిన్న పెట్టెకు వెనక గొట్టం పెడితే కింది స్వరం బలంగా వస్తుంది. అంతా మూసేస్తే స్వరం తక్కువైనా తేటగా ఉంటుంది. వారం రోజులు గొట్టం కావాలన్నాడు, వారం రోజులు వద్దన్నాడు. చివరకు ఆడమనిషి గొంతుకు గొట్టమెందుకని మూసేసిన పెట్టెకే తీర్మానించాడు. పెట్టెలో శబ్దం పుట్టించే డ్రైవరు పెద్దది ఒకటే చాలా, లేక గొంతుకు ఒకటి, పైస్వరాలకు ట్వీటరు ఒకటి ఉండాలా అన్న చర్చ మాత్రం ఒక్క నిమిషంలో తెగింది. గాజులు పలకాలంటే ట్వీటరు ఉండాల్సిందే.

డ్రైవర్ల కోసం తండ్రీకూతుళ్ళు బెంగళూరు వెళ్ళారు. స్పీకర్ల సామాన్లు అమ్మే వీధిలో అంగడి అంగడీ ఎక్కి దిగి, గొంతుకు అయిదంగుళాల కాగితం డ్రైవరు ఎంచుకున్నారు. ట్వీటరు దగ్గర ఆయన ఎక్కువ వెతకలేదు. పట్టుగుడ్డతో చేసిన చిన్న బుడగ ఉన్న ట్వీటరును అంగడివాడు చూపించగానే చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. రత్న పుట్టింటివాళ్ళు పట్టుపురుగులు పెంచేవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో ఆమె చేతుల దగ్గర మల్బరీ ఆకు వాసన వచ్చేదని రైల్లో తిరిగి వస్తూ కూతురికి చెప్పాడు. ఏ తండ్రీ కూతురితో చెప్పే మాట కాదది. నయన కిటికీ వైపు తిరిగి విన్నది.

ప్లైవుడ్డు కోశాడు. జిగురు పెట్టి బిగించాడు. లోపల దూది పరిచాడు. ఎవరూ చూడని వెనక పలక మీద పెన్సిలుతో 'రత్న' అని రాశాడు. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి పెట్టెలు రెండూ అరలో ఎక్కాయి, క్యాసెట్టు తిరిగింది.

ముందు కోడికూత వచ్చింది. తరువాత అమ్మ. నయన ఎన్నడూ ఎరగని పడుచు గొంతు, ఇప్పుడు తనకున్న వయసు కంటే చిన్న గొంతు. దాని వెంట చేట శబ్దం, అది ఎగిరినప్పుడల్లా గాజులు. ఆ గాజులు ఎంత దగ్గరగా మోగాయంటే నయన తనకు తెలియకుండానే చేయి చాచింది. అమ్మ పోయిన నాడు కూడా అంత ఏడుపు రాలేదు ఆమెకు.

మునిశంకర్ తల ఒక పక్కకు వంచి వింటున్నాడు. ముఖంలో సంతోషం మెల్లగా తగ్గింది. లేచి తీగలు కదిలించి చూశాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"గాజులు యాడమ్మా?" అన్నాడు. "పాటుండాది, చేటుండాది. గాజుల్లేవు. ట్వీటరు చచ్చిందేమో."

నయన ఆయన వైపు చూసింది. అప్పుడు అర్థమయింది ఆమెకు. టీవీ శబ్దం ఏడాదికేడాదికీ ఎందుకు పెరుగుతూ వచ్చిందో, కుక్కరు కూసినా ఆయన ఎందుకు లేవడో, వీధిలో పిలిస్తే ఎందుకు పలకడో, పరాకు అనుకున్నదంతా ఏమిటో. పదహారేళ్ళు చెవుల పక్కన డ్రిల్లు మోగినవాడికి పైస్వరాలు ఎప్పుడో పోయాయి. ఇన్నాళ్ళూ ఇంట్లో ఆ లోటు ఎవరికీ తెలియకుండా ఆయనకు వెనకనుంచి అందించినది అమ్మ. గ్యాసువాడు వచ్చినాడంట, పక్కింట్లో పిలుస్తా ఉండారంట అని చెబుతూ ఉండేది. ఆమె పోయాక ఆ మాటలు చెప్పేవాళ్ళు లేరు.

ఆ క్షణంలో చెప్పేస్తే పోయేది. కానీ నాలుగు నెలలుగా తిని, నిద్రపోయి, జిగురు అంటిన వేళ్ళతో నవ్వుతున్న మనిషి ఎదురుగా ఉన్నాడు. నీ చెవులు పోయినాయప్పా అంటే ఆ రంపం కింద పెట్టేసి మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటాడని భయపడింది.

"అవునప్పా. కొంచెం తక్కువే ఉండాది" అన్నది.

ఆ ఒక్క అబద్ధం వాళ్ళిద్దరినీ ఎంత దూరం తీసుకుపోయిందో చెప్పాలంటే తలనొప్పి పుడుతుంది. మునిశంకర్ బెంగళూరు వెళ్ళి అంగడివాడితో వాదించాడు. ట్వీటరు బాగానే ఉందని వాడు మోగించి చూపిస్తే, ఏమీ మోగలేదని ఈయన గొడవ పడ్డాడు. పట్టుది తీసేసి లోహపు బుడగ ఉన్నది తెచ్చాడు. దానిలోనూ గాజులు లేవు. ట్వీటరు జోరు తగ్గించడానికి దారిలో పెట్టిన రెసిస్టరును పీకేశాడు. అయినా లేవు. చివరకు ఊరేగింపు బండ్ల మీద కట్టే కొమ్ము ట్వీటర్లు రెండు తెచ్చి, పెట్టెల ముందు పలకలు పెద్దగా కోసి బిగించాడు. ఇప్పుడు రత్న పాడితే ప్రతి 'స' దగ్గరా నయన పళ్ళు జివ్వుమనేవి. గాజులు పగిలి చెవిలో పడినట్టుండేది. ప్రతిసారీ ఆయన తలెత్తి ఆమె ముఖం చూసేవాడు, ప్రతిసారీ ఆమె ఇంకొంచెం మేలప్పా అనేది. అనేసి రైల్లో తనను తాను తిట్టుకునేది.

తిథి నాడు రాయల్పాడు నుంచి రత్న అక్క చిన్నవెంకటమ్మ వచ్చింది. ఆయనతో పాటు గనిలో పనిచేసిన జగదీష్ వచ్చాడు. గని పైన, మనుషుల్ని లోపలికి దించే లిఫ్టు ఇంజను దగ్గర కిందినుంచి వచ్చే గంటలు విని తిరిగి గంట కొట్టే పని అతనిది, కాబట్టి చెవులు పదిలంగా ఉన్నాయి. పిండాలు పెట్టడం, వడ్డనలు అయ్యాక మునిశంకర్ అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టాడు. హుషారుగా ఉన్నాడు. స్పీకర్లకు వీపు పెట్టి నిలబడి, పాత కథ ఎత్తుకున్నాడు.

ఆ కథ నయన చిన్నప్పటి నుంచి విన్నదే. గనిలో ఏటా చెవి పరీక్ష ఉండేది. కంపెనీ డాక్టరు వెనకాల నిలబడి చిన్న ఇత్తడి గంట మెల్లగా కదిలించేవాడు. వినిపిస్తే 'వినిపించింది సార్' అనాలి. వినిపించకపోతే లోపలి పని పోయి పైకి పంపేస్తారు, జీతం తగ్గుతుంది. అందుకని డ్రిల్లు పట్టేవాళ్ళంతా ఒక ఉపాయం చేసుకున్నారు. తరువాతి వంతు వాడన్నట్టు, చెవులు బాగున్న జగదీష్‌ను ఎదురుగా నిలబెట్టేవాళ్ళు. వెనక గంట మోగినప్పుడల్లా జగదీష్ కళ్ళు కిందికి దించేవాడు. అది చూసి వీళ్ళు 'వినిపించింది సార్' అనేవాళ్ళు. అట్లా లైను లైనంతా పాసయ్యేది. అందరూ నవ్వారు. జగదీష్ కూడా నవ్వాడు.

మునిశంకర్ నవ్వుతూనే క్యాసెట్టు నొక్కాడు.

రత్న గొంతు కీచుమంటూ గదిలోకి వచ్చింది. చిన్నవెంకటమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుంది, మళ్ళీ సభ్యత గుర్తొచ్చి చెంగుతో కళ్ళు తుడుచుకుంటున్నట్టు నటించింది. మునిశంకర్ ఆమెను చూశాడు. నవ్వు పోయింది. పాట నడుస్తూనే ఉంది. ఏదో దారి తప్పిందని ఆయనకు తెలిసింది గాని ఏమిటో తెలియలేదు. మెడ సాచి, నోరు కొంచెం తెరిచి, గాలిలో దేన్నో వెతుకుతున్న మనిషిలా నిలబడ్డాడు.

ఆ నిలబడడం జగదీష్ ఎన్నో ఏళ్ళు చూశాడు. అతను ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. వెనక గాజులు మోగాయి. జగదీష్ కళ్ళు దించాడు. మళ్ళీ మోగాయి. మళ్ళీ దించాడు. అలవాటో, స్నేహమో, నలుగురిలో మిత్రుడి పరువు పోకూడదనో, పదిహేను ఇరవైసార్లు దించాడు. నయన అది గమనించింది. గాజులకూ ఆ కళ్ళకూ ఒక్క లిప్త కూడా తేడా రావడం లేదు.

మునిశంకర్ ఆ కళ్ళనే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ మెల్లగా కూతురి వైపు తిరిగాడు. నయన తల వంచుకుంది. అంతే, ఆయనకు అంతా తెలిసిపోయింది. చేయి చాపి క్యాసెట్టు ఆపేశాడు. మిషను సరిగ్గా పనిచెయ్యడం లేదు, ఏమీ అనుకోవద్దని అందరికీ మర్యాదగా చెప్పి, తాంబూలాలు ఇచ్చి పంపాడు. జగదీష్ పోతూ పోతూ ఆయన భుజం మీద చేయి వేసి కాసేపు నిలబడి వెళ్ళాడు.

ఇల్లు ఖాళీ అయ్యాక ఆయన బల్ల ముందు కూర్చున్నాడు. ఎండ ఇంకా వాకిట్లోనే ఉంది.

"మొదట్నించీ వినిపిస్తా ఉండాయా నీకు?"

"ఊఁ."

"పట్టుదాంట్లో కూడానా?"

"దాంట్లోనే బాగా వినిపించినాయప్పా. చెయ్యి చాస్తే తగిలేటట్టు." ఆమె బల్ల దగ్గరకు వచ్చింది. "నువ్వు మళ్ళీ పడుకుంటావని చెప్పలేదు. తప్పు చేసినాను."

ఆయన కోప్పడితే బాగుండునని ఆమెకు అనిపించింది. కోప్పడలేదు. డాక్టరును మోసం చేసినామనుకున్నాం, అన్నాడు. స్క్రూడ్రైవరు తీసుకుని కొమ్ము ట్వీటర్లు రెండూ ఊడదీశాడు. పెద్దగా కోసిన రంధ్రాలకు చిన్న చెక్కముక్కలు అడ్డం బిగించి, గుడ్డలో చుట్టి దాచిన పట్టు ట్వీటర్లను మళ్ళీ ఎక్కించాడు. పీకేసిన రెసిస్టరు డబ్బాలో వెతికి అతికించాడు. గంటన్నర పట్టింది. చేతులు మాత్రం ఒక్కసారి కూడా తప్పు పోలేదు. నయన పక్కనే కూర్చుని టార్చి పట్టుకుంది.

తరువాత ఆయన కుర్చీని స్పీకర్లకు వీపుగా తిప్పుకుని కూర్చున్నాడు. ఎదురుగా ముక్కాలిపీట చూపించాడు.

"ఆడ కూర్చోమ్మా. జగదీష్ మామ మాదిరి."

క్యాసెట్టు తిరిగింది. కోడి కూసింది. రత్న మెల్లగా, తేటగా పాడింది. నయన తండ్రి ముఖం చూస్తూ, గాజులు మోగినప్పుడు కళ్ళు దించింది.

"వినిపించింది" అన్నాడు ఆయన.

మళ్ళీ మోగాయి. మళ్ళీ దించింది. వినిపించింది, అన్నాడు. చేట ఎగిరినప్పుడల్లా, అమ్మ చేయి కదిలినప్పుడల్లా, ఒక్కటి కూడా పోకుండా నయన అందిస్తూ పోయింది, ఆయన అందుకుంటూ పోయాడు. ఒకచోట పాట మధ్యలో ఆగిపోయింది. చేట కింద పెట్టిన శబ్దం. తరువాత ఒకే ఒక్కసారి గాజులు గలగలమన్నాయి. నయన కళ్ళు దించింది.

"అది నువ్వు తన్నినప్పుడు" అన్నాడు మునిశంకర్. "కడుపు మీద చెయ్యి పెట్టుకునింది."

ఆ తరువాత టేపులో పాటా లేదు, గాజులూ లేవు. దించిన కళ్ళు నయన ఇక ఎత్తలేకపోయింది. నీళ్ళు ఒళ్ళో పడుతున్నాయి. మునిశంకర్ వంగి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"వినిపించిందమ్మా" అన్నాడు.