వీధికి చెప్పని మాట

ఇలా దగ్గరికి జరుగు, గోడకి ఆనుకుని కూర్చో. తలుపులు చేసే ఒక వదిన, ఆమె మరిది కథ చెబుతాను. మధ్యమధ్యలో ఊఁ కొట్టాలి సుమా, లేకపోతే నాకు మాట సాగదు.

భర్త పోయాక ఆ వదిన వడ్రంగం కొట్టు తానే నడిపింది. ఉలి పట్టినా చిత్రిక పట్టినా ఆమె చేతికి తిరుగు లేదు. గడప దాటి నలుగురితో మాట్లాడాలంటే మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. అందుకని బయటి పనికి మరిదిని పెట్టుకుంది. అతనికి నోరే ఆస్తి. కొట్టు గుర్తు చెక్కిన కొలబద్ద పట్టుకుని ఇంటింటికీ వెళ్ళేవాడు, గుమ్మాలు కొలిచేవాడు, బద్ద మీద గాటు పెట్టి "ఖాయం" అనేవాడు. గాటు పడిందంటే వదిన మాట ఇచ్చినట్టే. పదేళ్ళుగా ఆ వీధులన్నిటా అదే అలవాటు. తలుపు ఎప్పుడిస్తావని ఎవరడిగినా "రేపే" అనేవాడు. ఆమె కూతురు అతనికి రేపటి బాబాయ్ అని పేరు పెట్టింది.

ఆ రేపులతో వేగలేక వదిన ఒకనాడు అతన్ని మానిపించింది. "ఇక నా తరఫున ఎవరికీ మాటివ్వకు అబ్బాయ్" అంది. అతను తలూపాడు. ఆమె అక్కడితో ఊరుకుంది చూడు, అదే తప్పు. కొలబద్ద అడిగితే మరీ చిన్నబుచ్చినట్టు ఉంటుందని అడగలేదు. ఊళ్ళో చెబితే ఇంటి గుట్టు రచ్చకెక్కుతుందని చెప్పలేదు.

నెల తిరిగింది. ఒక పొద్దున వదిన, కూతురు కిటికీ రెక్కలు బిగిస్తూ ఉంటే, రొట్టెలు కాల్చే ఆయన పిండి చేతులతోనే వచ్చాడు.

"అక్కా, పలక దింపారా? పాత తలుపు పీకేశాను. గోడ కూడా మీ కొలతకే కట్టించాను."

"ఏ పలక?"

"అదే, మీ అటక మీదది. అతుకు లేని ఒంటిపలక తలుపు ఇస్తామని మీ మరిది గాటు పెట్టాడుగా. నా పొయ్యి వేడికి, ఆవిరికి పచ్చి చెక్కలు నిలవవు. అది పన్నెండేళ్ళు ఆరిందటగా!"

కూతురి చేతిలో సుత్తి ఆగిపోయింది. ఎందుకాగదు? ఆ పలక ఆమెది. నాన్న అటక మీద పెడుతూ, నువ్వు సొంతంగా పనికి దిగిననాడు ఇదే నీ పనిబల్ల అని చెప్పాడు. పక్క వీధిలో ఆమె కొట్టు తెరవడానికి ఇంకో పది రోజులే ఉంది.

"అతన్ని మానిపించి నెలయింది. అతని మాటకీ నాకూ సంబంధం లేదు" అంది వదిన.

"నాకేమైనా కలొస్తుందా అక్కా? మానిపించిన మనిషి చేతిలో మీ కొలబద్ద ఎందుకుంది మరి?"

మాట మాట పెరిగేలోపు కూతురు వెళ్ళి పక్కింటి తాతగారిని పిలుచుకొచ్చింది. ఆయన ముప్ఫై ఏళ్ళు కోర్టులో గుమాస్తాగా చేసినవాడు. కళ్ళజోడు తుడుచుకుని ముందు రొట్టెలాయననే అడిగాడు. "ఆ మరిది పనిలో లేడని నీకు తెలుసా? తెలిసుంటే నీకేమీ రాదు."

"ఏదో మాట పట్టింపు వచ్చిందని విన్నానండీ. రెండు వారాల కిందట అతను కొలత తీసుకున్న మర్నాడే పనిగట్టుకుని ఇక్కడికొచ్చాను. మీ మరిది పలక మాట ఖాయం చేశాడక్కా అన్నాను. అక్క చిత్రిక పడుతూ, మంచిది అంది."

తాతగారు వదిన వంక తిరిగాడు. "అన్నావా?"

ఆ వేళ కొట్టులో మూడో మనిషి లేడు. అనలేదంటే సరిపోతుంది, పలక ఇంట్లోనే ఉంటుంది. కూతురు కళ్ళప్పగించి తల్లి నోటి వైపే చూస్తోంది. ఆ పూట చిత్రిక చప్పుడులో ఆ మాటలు వదినకి సగమే వినబడ్డాయి. మళ్ళీ అడిగితే ఇంటి గొడవ చెప్పుకోవలసి వస్తుందని భయపడింది. అంతే, మంచిది అనేసింది.

"అన్నాను" అంది.

"అయితే విను తల్లీ" అన్నాడు తాతగారు. "అతన్ని నువ్వు ఇంట్లో తీసేశావు, వీధిలో తియ్యలేదు. వీధికి కనబడింది పదేళ్ళ అలవాటు, చేతిలో కొలబద్ద, పైన నీ మంచిది. నమ్మినవాడి తప్పేముంది? తలుపు నువ్వు చెయ్యాల్సిందే. నువ్వు వద్దన్నా మాటిచ్చినందుకు నీ మరిదిని నిలదీసుకో. ఆ తగువు మీ ఇద్దరిదీ, ఇతనిది కాదు."

కబురందుకుని మరిది వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఎందుకిలా చేశావ్?"

"పీట వేసి కూర్చోబెట్టి ఇంత మర్యాద చేస్తుంటే, నేనిప్పుడు ఎవర్నీ కాదని ఎలా చెప్పను వదినా? నోరు రాలేదు."

"నీకు నోరు రాకపోవడమా! పొద్దు పడమట పొడిచింది బాబాయ్" అంది కూతురు. ఆ మాట వదినకే తగిలింది. నోరు రాక చెడింది తానూ కదా.

ఆ మధ్యాహ్నం పలక దింపారు. బూజు దులిపితే తేనె రంగు తేలింది. పెద్ద రంపానికి అటో మనిషి, ఇటో మనిషి కావాలి. వదిన ఒక కొస పట్టుకుని నిలబడింది. రెండో కొస పట్టుకోమని కూతురిని అడగడానికి నోరాడలేదు. కాసేపు చూసి కూతురే వచ్చి పట్టుకుంది. పలక తలుపు కొలతకి తెగేదాకా ఇద్దరూ రంపం లాగారు. రొట్టెలాయన గుమ్మానికి తలుపు బిగించారు.

మర్నాడు వదిన చెప్పులేసుకుని, మరిదిని వెంటబెట్టుకుని, తలుపులు చేసిచ్చిన ప్రతి ఇంటికీ వెళ్ళింది. "ఇక ఇతను నా తరఫున మాట్లాడడు. పనుంటే నన్నే పిలవండి" అని చెప్పింది. మొదటి ఇంట్లో గడప మీదే నిలబడి గబగబా చెప్పేసి వచ్చేసింది. నాలుగో ఇంట్లో మరిది అలవాటుగా "అంటే వదిన చెప్పేదేమిటంటే" అని అందుకోబోతే, "నువ్వాగు" అంది. ఏడో ఇంటికి వచ్చేసరికి కుశల ప్రశ్నలు కూడా వేసింది.

ఇక పలక సంగతి. వదిన మరిదిని వదలలేదు, దానికి బదులు పెట్టమంది. అతను తన ఇంట్లో అందరూ చుట్టూ కూర్చుని భోజనం చేసే దళసరి బల్ల పైభాగం ఊడదీసి, నెత్తిన మోసుకొచ్చి కూతురి కొత్త కొట్టులో దించాడు. ఆ సంసారం ఆ తర్వాత చాలాకాలం నేల మీదే కూర్చుని తిన్నది. ఆ బల్లకి రెండు అతుకులున్నాయి. కూతురు వాటి మీద అరచెయ్యి రాసి చూసింది. నాన్న పలకలా లేదు, ఉండదు కూడా. చిత్రిక తీసి మొదటి అతుకు మీద పెట్టింది. వదిన అటువైపు నిలబడి బల్ల కదలకుండా పట్టుకుంది.

అదీ కథ. నీ బదులు ఎవరినైనా పంపేనాడు, పంపడం మానేసేనాడు ఈ వదినని ఒక్కసారి తలుచుకో నాన్నా. నీ పక్కన ఊఁ కొట్టేవాళ్ళు దొరికితే వాళ్ళకీ చెప్పు. ఆమె "అన్నాను" అన్న చోటు మాత్రం మింగెయ్యకు.