చూడకుండా విన్న కథ

సిద్ధమ్మ బొటనవేలికీ చూపుడువేలికీ బూడిద రాసుకుని, పాత పోగు కొసనూ కొత్త పోగు కొసనూ కలిపి ఒక్క మెలి తిప్పింది. వెంటనే ఇంకో జత అందుకుంది. పొద్దుటి నుంచి అప్పటికి రెండు వేలు దాటాయి. మగ్గం మీద అయిపోయిన పడుగుకు కొత్త పడుగు అతకడం ఆమె పని. మొత్తం నాలుగు వేల పైచిలుకు పోగులు. ధర్మవరంలో నలభై ఏళ్లుగా ఇదే చేస్తోంది. ఆమె మెలిపెట్టిన చోటు చీరలోకి రాదు, కత్తిరించి పారేస్తారు. అందుకు ఆమెకు బాధేమీ లేదు. ఈ రోజు ఆమె బాధంతా వేరే.

"ఇంగన్నా ఆ కథ పెట్టకూడదా?" అంది.

"ఉండు సిద్ధక్కా, ఈ కండె చుట్టేసి పెడతా," అంది మగ్గం అవతల రాట్నం తిప్పుతున్న హేమావతి.

ఆ మగ్గం హేమావతిది. నేస్తూ నేస్తూ ఫోనులో జపాను బొమ్మల సీరియల్ తెలుగు మాటలతో పెట్టుకుని చూస్తుంది. అందులో వానే పడని దేశం ఒకటి. వందేళ్ల కిందట ఒక మాంత్రికుడు మబ్బులన్నిటినీ రాతి బురుజులో పెట్టి తలుపు మూసేశాడు. సుమినే అనే పిల్ల ఒక కుంటి కొంగనెక్కి ఆ బురుజు కోసం తిరుగుతుంటుంది. మూడేళ్లుగా తిరుగుతూనే ఉంది.

సిద్ధమ్మ ఆ పిల్లను ఒక్కసారీ చూడలేదు. ఫోను నేసేవాళ్ల వైపు తిరిగి ఉంటుంది, అతికేవాళ్లు పోగుల వెనక కూర్చుంటారు. పోగు మీంచి చూపు తీస్తే పని చెడుతుంది. ఫోను పెట్టుకోవడానికి మగ్గం గుంజకు ఎర్ర వైరు చుట్టి గూడు చేసిచ్చింది మాత్రం ఆమే. నెలకో నెలన్నరకో పడుగు అయిపోయి పిలుపు వచ్చినప్పుడు రెండు మూడు భాగాలు వింటుంది. మధ్యలో జరిగినవి హేమావతి చెబుతుంది. కొంగ కాలు విరిగిన భాగం అట్లా చెప్పించుకునే ఏడ్చింది.

ఆఖరి భాగం వచ్చి పన్నెండు రోజులైంది. ఈ పడుగు అయిపోయేదాకా నేనూ చూడను, ఇద్దరం కలిసే చూద్దామని హేమావతి మాటిచ్చింది. ఆ పన్నెండు రోజులూ సిద్ధమ్మకు కుదురు లేదు. ఒకరింట్లో పిల్లలు ఆ కథ ఎత్తితే చెవుల్లో వేళ్లు పెట్టుకుంది, చెవులనిండా బూడిద. పని లేకపోయినా రెండుసార్లు ఈ వీధికొచ్చి, మగ్గం చప్పుడు ఇంకా వినబడుతోందని విసుక్కుంటూ వెళ్లింది. ఆ పిల్ల ఇల్లు చేరుతుందా లేదా, అదొక్కటే తెలియాలి ఆమెకు.

హేమావతి ఫోను గూట్లో పెట్టింది. సిద్ధమ్మ వేళ్లు ఆడుతూనే ఉన్నాయి, చెవులు అటున్నాయి. కొంగ రెక్కల చప్పుడు. తలుపు తెరుచుకున్న చప్పుడు. తలుపు మూసుకోకుండా లోపల ఒకరు పట్టుకుని ఉండాలని ఎవరో ముసలాయన గొంతు. నేనుంటానని సుమినే అంది. తర్వాత వాన, చాలాసేపు వానే. జనం కేకలు, డప్పులు, నాగళ్లు కడుతున్న సందడి. సుమినే గొంతు మళ్లీ వినపడలేదు.

"హేమా, ఆ పిల్ల యెట్లుంటాది? ఒకసారి చూపీ."

హేమావతి ఫోను తీసి పోగుల మీదుగా ఇటు తిప్పింది. నలభై ఏళ్లలో మొదటిసారి సిద్ధమ్మ పని మధ్యలో తలెత్తింది. బురుజు కిటికీలో తడిసిన జుట్టు, చప్పిడి ముక్కు, పన్నెండేళ్లు కూడా ఉండవు. ఇన్నాళ్లూ ఆమె మనసులో సుమినే పొడుగ్గా, పెద్ద జడతో, అచ్చం హేమావతిలాగే ఉండేది.

"ఇంత చిన్నదా?" అంది. మళ్లీ తల దించుకుని అతకసాగింది. కోపం ఆగలేదు. "ఇంటికి రాదా ఇంగ?"

"రాదు. అయిపోయినాది."

"వాన పడినాక ఆ ఊర్లో ఒక్కరన్నా తలెత్తి చూసినారా ఆ పిల్లని? చూసినారా చెప్పు."

"ఆడ ఎవురుండారో వాళ్లకి తెలీదు కదక్కా."

"తెలీకపోతే మాత్రం? మూడేండ్లు ఇన్నదానికి ఇదా?"

సిద్ధమ్మ గొణుక్కుంటూ రెండు వందలకు పైగా అతికింది. అప్పుడు కనబడింది, వెనక ఒక కొత్త పోగు ఒంటరిగా వేలాడుతూ. తలెత్తిన చోటే తప్పింది. ఆ తర్వాతవన్నీ ఒక పోగు పక్కకు జరిగాయి. ఎప్పుడూ జరగని పని. సిగ్గుపడి, చప్పుడు చేయకుండా చివరి నుంచి ఒక్కొక్క మెలీ విప్పడం మొదలుపెట్టింది.

గుమ్మం దగ్గర పొద్దుటి నుంచీ ఉన్న సంచిని హేమావతి ఆడబిడ్డ యశోద చేతిలోకి తీసుకుంది. "వదినా, ఆటో వచ్చినాది. రెండున్నర రైలు."

"యాడికి?" అంది సిద్ధమ్మ.

"చెప్పల్లనే అనుకుంటి సిద్ధక్కా, నోరు రాలేదు. హిందూపురంలో బట్టల కంపెనీలో పని దొరికినాది. మా ఇంటాయన ఆడనే ఇల్లు చూసినాడు. ఇంగ మగ్గం యశోద నేస్తాది."

సిద్ధమ్మ వేళ్లు నూట అరవై రెండో మెలి దగ్గరున్నాయి. ఆపితే లెక్క పోతుంది.

"మళ్లీ యెప్పుడొస్తావు?"

"చూడాల."

"పో తల్లీ. రైలు పోతాది," అంది తల దించుకునే.

హేమావతి కాసేపు అక్కడే నిలబడింది. నేల మీద ఆమె నీడ కనబడింది, తర్వాత లేదు. ఆటో సందు దాటింది. సిద్ధమ్మ విప్పుకుంటూ విప్పుకుంటూ ఆ తప్పిన పోగు దగ్గరికి వచ్చి, దాన్ని దాని జతకు కలిపి మెలి తిప్పింది. ఒక్కరన్నా తలెత్తి చూసినారా అన్న తన మాటే అప్పుడు తనకు తగిలింది. గబుక్కున తలెత్తింది.

మగ్గం గుంజకు ఎర్ర వైరు గూడు ఖాళీగా, హేమావతి కూర్చునే చోటు వైపే తిరిగి ఉంది.