పడమటి కొండ మీద చుక్కల గీత

ఏడో తరగతి పిల్లలు చదివే 'మన కొండ' పాఠం ఇరవై రెండేళ్ళ కిందట నేను రాశాను. కొండ ఎత్తెంత, ఏ వాలులో ఏ చెట్లు పెరుగుతాయి, మూడు వాగులూ ఎక్కడ పుట్టి నదిలో ఎక్కడ కలుస్తాయి, ఇవన్నీ మొదటి రెండు పేజీల్లో ఉంటాయి. మూడో పేజీలో చరిత్ర. ఒకప్పుడు కలప కంపెనీ వచ్చి తూర్పు వాలంతా నున్నగా గొరిగేసింది. ముప్ఫై ఏళ్ళు కొట్టి, కొట్టడానికి ఇంకేమీ మిగలక వెళ్ళిపోయింది. ఇప్పుడు మనం చూసే అడవి ఆ మోళ్ళ మధ్య తనంతట తాను మొలిచింది. నాలుగో పేజీలో నేను గీసిన మ్యాపు.

ఆ మ్యాపు కోసం నేను కొండ ఎక్కలేదు. అప్పట్లో నాకు ఉబ్బసం. గ్రంథాలయంలో కంపెనీవాళ్ళ పాత పటం దొరికితే, దాని మీద పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో దింపుకున్నాను. మెలికలు తిరుగుతూ దిగే చుట్టుదారి కాక, అందులో శిఖరం నుంచి నది దాకా మరొక సన్నటి గీత ఉంది. పక్కన ఏమీ రాసి లేదు. కాలిబాట కాబోలనుకుని చుక్కల గీతగా వేశాను. కొండ మీద మనుషులు నడిచే దారి మెలికలు తిరుగుతుందని అదే పాఠంలో నేనే రాశాను. ఈ గీత తాడు లాగి పట్టినట్టు తిన్నగా ఉంది. నా వాక్యం నేను ఒక్కసారి చదువుకుని ఉంటే సరిపోయేది.

మా అమ్మాయి అటవీ శాఖలో చెట్లు లెక్కపెట్టే ఉద్యోగం చేసేది. మాను చుట్టూ టేపు పెట్టి కొలిచి, నంబరు వేసి, రిజిస్టరులో రాయడం. పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం శిఖరాన్ని పొగమంచు కమ్మేసింది. తోటివాళ్ళు ముగ్గురూ వచ్చిన దారినే దిగుదామన్నారు. తాను అడ్డదారిన ముందే దిగి జీపును వాళ్ళ దగ్గరికి తెస్తానంది. దారి తెలుసా అని వాళ్ళు అడిగితే నవ్విందట.

"మా నాన్న గీసిన దారి. నాకు తెలియకపోవడమేంటి?"

ఆ మాట వాళ్ళు ఉన్నదున్నట్టు నాకు చెప్పారు. చెప్పకుండా ఉండాల్సిందని తరువాత వాళ్ళకే తోచి ఉంటుంది. మూడో రోజున నది మలుపు దగ్గర మడుగులో దొరికింది. ఇరవై ఆరేళ్ళు.

అది దారి కాదని నాకు చెప్పింది, కుర్రతనంలో కంపెనీలో రంపం లాగిన ఒక ముసలాయన. ఊళ్ళో అందరూ రంపం తాత అంటారు. పరామర్శకు వచ్చి, మా వరండాలో కూర్చుని, టీ ఊదుకుంటూ చెప్పాడు. కొట్టిన మానులను పైనుంచి నదిలోకి వదలడానికి రాయి తొలిచి చేసిన జారుడట అది. ఏళ్ళ తరబడి మానులు జారీ జారీ అద్దంలా నునుపుదేలింది. చివర నాలుగంతస్తుల ఎత్తున ఖాళీ, దాని కింద మడుగు.

"మనిషి దిగగలిగేదైతే మేమెందుకు బాబూ రోజూ ఆరు మైళ్ళు చుట్టూ తిరిగి దిగేవాళ్ళం? మాకేమైనా కాళ్ళు ఎక్కువై పుట్టాయా?" అన్నాడు.

పుస్తకంలో దారి గీసింది ఎవరో ఆయనకు తెలియదు. ఎవడో ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని గీసి ఉంటాడని, వాడి చేత ఒక్కసారి ఆ జారుడు దిగిస్తే తెలిసొస్తుందని కూడా అన్నాడు. మా ఆవిడ ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఏటా పరీక్షలు కాగానే పెద్ద తరగతుల పిల్లలు గుంపులుగా కొండ ఎక్కుతారు. ఆ పేజీ చింపి జేబులో పెట్టుకుని వెళ్ళేవాళ్ళను నేనే చూశాను. పాఠ్యపుస్తకం కొత్త ముద్రణ అచ్చుకు వెళ్ళబోతోంది. ఈలోగా ఆ గీత తీయించాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

పాఠ్యపుస్తకాల ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. ఎడిటరు గదిలో నేల మీద కూడా ప్రూఫుల కట్టలే. కుర్చీ మీది కట్ట దించి నన్ను కూర్చోబెట్టాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, మర్యాదస్తుడు. అమ్మాయి సంగతి ఎత్తి పరామర్శించాడు. తరువాత అసలు విషయానికి వచ్చాడు. ఊరికే గీత తీసేస్తే ఎందుకు తీశారని పైవాళ్ళు ఫైల్లో రాస్తారు. మ్యాపు తప్పని తేలితే ఇన్నేళ్ళూ పిల్లలకు ఏం చదివించారని అడుగుతారు. తననూ అడుగుతారు, నన్నూ అడుగుతారు. మ్యాపంటే గోడకు సున్నమా మాస్టారూ, ఏటా కొత్తగా కొట్టడానికి, అని కొద్దిగా నవ్వాడు.

ఒక ఉపాయం ఉందన్నాడు. గీత చడీచప్పుడు లేకుండా తీయించేస్తాడు. దానికి బదులు అయిదో పేజీలో చిన్న పెట్టె కట్టి అందులో హెచ్చరిక వేయాలి. ఈమధ్య ఒక ఉద్యోగిని దారి విడిచి వెళ్ళి పడిపోయిందని పుస్తకమే చెబుతుంటే, దారి సంగతి ఇక ఎవరూ తవ్వరు.

తను దారి విడవలేదన్నాను.

"తెలుసు మాస్టారూ. తెలిసే అడుగుతున్నాను. ఆ నాలుగు ముక్కలూ మీరే రాయండి, మీ వాక్యం ముచ్చటగా ఉంటుంది. ఇరవై మాటలు దాటకూడదు, పెట్టె చిన్నది."

సోమవారం అచ్చుకు పంపాలని, ఒప్పుకోకపోతే పాత మ్యాపే వెళుతుందని చెప్పాడు.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ అటవీ శాఖకు తిరిగి ఇవ్వాల్సిన సామాను సర్దుతోంది. టేపు, రిజిస్టరు, రెండు జతల ఖాకీ బట్టలు. నేను చెప్పింది పూర్తిగా విన్నది. టేపు చుట్టడం ఆపలేదు.

"మీరు గీసిన గీత మీద నడిచి పోయింది. ఇప్పుడు తప్పు కూడా దాని నెత్తినే రుద్దుతారా?"

రేపు కొండ ఎక్కబోయే పిల్లల గురించి చెప్పాను.

"ఎవరి పిల్లల కోసమో నా పిల్లను ఇంకోసారి తోసెయ్యండి. మీకు అలవాటైన పనేగా," అంది.

పెళ్ళయినప్పటి నుంచి ఏమండీ అని పిలిచేది. మర్నాటి నుంచి మాస్టారూ అంటోంది, బడి పిల్లల తల్లుల్లాగా. మాస్టారూ, భోజనానికి రండి. మాస్టారూ, మీకోసం ఎవరో వచ్చారు.

ఆదివారమంతా కూర్చుని రాశాను. 'ఇటీవల ఒక అటవీ ఉద్యోగిని పటంలోని దారి విడిచి దిగుతూ జారిపడి మరణించింది. పటంలో చూపిన దారిని మాత్రమే అనుసరించండి.' పదిహేను మాటలు. ఎడిటరు చదివి, 'దారి విడిచి' తరువాత 'అజాగ్రత్తగా' అని చేర్చాడు. అది లేకపోతే వాక్యం చప్పగా ఉందన్నాడు. పదహారయ్యాయి. కింద సంతకం పెట్టాను.

బడి తెరిచిన వారానికి పుస్తకాలొచ్చాయి. కట్ట విప్పి నాలుగో పేజీ తీశాను. చుక్కల గీత ఎక్కడున్నది అక్కడే ఉంది. ఎదురుగా అయిదో పేజీలో, బూడిదరంగు పెట్టెలో, పటంలో చూపిన దారిని మాత్రమే అనుసరించండి అన్న నా వాక్యం.

ఆ పూటే ఎడిటరు దగ్గరికి వెళ్ళాను. అక్షరాల పేజీకి కొత్త ప్లేటు చేసి, మ్యాపుకు పాత ప్లేటే వాడేశారట. ప్రెస్సువాళ్ళ సంగతి మీకు తెలియనిదేముంది అన్నాడు. పద్దెనిమిది వేల పుస్తకాలు బళ్ళకు వెళ్ళిపోయాయి. గీత మీద కాగితం ముక్కలు అతికించమని రాయండని అడిగాను. అలా రాస్తే తప్పు ఒప్పుకున్నట్టే కదా అన్నాడు. మళ్ళీ ముద్రణ మూడేళ్ళకు, అప్పుడు చూద్దామన్నాడు. కనీసం ఆ పెట్టె కొట్టేయమని అన్ని బళ్ళకూ ఒక ఉత్తరం పంపమన్నాను. ఎడిటరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. గొంతులో నిజంగానే ఆదరం ఉంది.

"అది ఉండబట్టే మనం నిశ్చింతగా ఉన్నాం మాస్టారూ. రేపు ఇంకెవరైనా పడినా, పుస్తకం ముందే హెచ్చరించింది కదా."

మర్నాడు తరగతిలో ఆ పాఠం తీశాను. నలభై ఒక్కమంది. మొదటి బెంచీలో కూర్చునే అమ్మాయి పెట్టెలోని వాక్యాన్ని ఎక్కడా తడబడకుండా పైకి చదివింది. చదవడం అయ్యాక పుస్తకాలు మూయమని చెప్పాను. ఆ చుక్కల గీత దారి కాదని, మానులు జార్చిన జారుడని, దాన్ని తప్పుగా గీసింది నేనేనని చెప్పాను. పడిపోయిన ఉద్యోగిని మా అమ్మాయని, తను పటంలోని దారి విడవలేదని, ఆ దారినే దిగిందని చెప్పాను. పుస్తకాలు తెరిచి గీత కొట్టేయమన్నాను.

పిల్లలు బుద్ధిగా స్కేళ్ళు తీశారు. చుక్కల వెంబడి స్కేలు పెట్టి నీలం సిరాతో కొట్టేశారు. చుక్కలు కలిసిపోయి, శిఖరం నుంచి నది దాకా చక్కటి రోడ్డు తయారైంది. నేను బెంచీ బెంచీకీ తిరిగి ఎర్ర పెన్నుతో ఒక్కో పుస్తకంలో అడ్డంగా ఇంటూలు పెట్టాను. ఆఖరి బెంచీ దగ్గరుండగా ఆ మొదటి బెంచీ అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, ఆ ఉద్యోగిని ఎందుకు మరణించింది అని పరీక్షలో అడిగితే ఏం రాయాలి?"

ఏడాది పరీక్ష పేపర్లు దిద్దేది వేరే ఊళ్ళో. దిద్దేవాళ్ళ దగ్గర పుస్తకంలోని జవాబే ఉంటుంది. అది కాక ఇంకేది రాసినా సున్నా. నలభై ఒక్కమందీ నోటు పుస్తకాలు తెరిచి, పెన్నులు పట్టుకుని నా వైపు చూస్తున్నారు.

పుస్తకంలో ఉన్నదే రాయండి, అన్నాను.