ముప్పై ఒకటో నంబరు మూత

రూతమ్మకు మొదటి నాలుగు నెలలూ మందు లేని ఉత్తి మాత్రలు ఇచ్చారు. ఆమెను ముంచింది ఆ నాలుగు నెలలే. ఇందులో ఆమె మొగుడు దేవప్రసాద్‌కు అనుమానం లేదు.

గురువారం ఉదయం ఎనిమిదింటికి అతను ఎప్పటిలాగే మందు పరీక్షల గది తాళం తీశాడు. అనకాపల్లి ఆసుపత్రి వెనక, ఎక్స్‌రే గదిని ఆనుకుని ఉంటుంది అది. అతనిది అక్కడ అటెండరు పని. నేల తుడిచాడు. బల్ల మీద ఫినాయిలు గుడ్డ ఆడించాడు. బీరువా తెరిచి, ఆ రోజు రోగులకు ఇవ్వాల్సిన తెల్ల ప్లాస్టిక్ డబ్బాలు వరసగా పేర్చాడు. నంబరు చీటీ మూత మీదే ఉంటుంది, డబ్బా మీద ఉండదు. ముప్పై ఒకటి, ముప్పై రెండు చేతిలోకి తీసుకుని, తలుపు వైపు ఒకసారి చూసి, దీని మూత దానికి, దాని మూత దీనికి బిగించాడు. పద్నాలుగు నెలలుగా నెలనెలా చేస్తున్న పని.

సారా చుక్క ముట్టని వాళ్ళ లివరుకు కొవ్వు ఎందుకు పడుతుందో, మందుతో కరుగుతుందో లేదో చూడటానికి డాక్టరమ్మ ప్రతి గురువారం విశాఖపట్నం నుంచి వస్తుంది. రూతమ్మకు లివరు చెడిందని తెలిసినప్పుడు చర్చిలో ఆడవాళ్ళు ఆమె నోరు వాసన చూసినంత పని చేశారు. ఆ రోషంతోనే ఆమె అందరికంటే ముందు పేరు రాయించుకుంది. పక్కింటి నూకరత్నం ఆమె వెనకే వచ్చింది. ఒకే వయసు, ఒకే రోగం ఉన్న వాళ్ళను ఇద్దరిద్దరిగా జత కట్టారు. జతలో ఒకరికి మందు, ఇంకొకరికి మందు లేని మాత్ర. ఎవరికి ఏదో డాక్టరమ్మకు కూడా తెలియదు. ఆ సంగతి సీలు వేసిన కవర్లలో ఉంది. రూతమ్మ ముప్పై ఒకటి. ఆమె జత నూకరత్నం, ముప్పై రెండు.

నాలుగో నెల స్కానింగులో నూకరత్నానికి కొవ్వు సగానికి తగ్గింది. రూతమ్మకు పెరగనూ లేదు, తగ్గనూ లేదు.

ఆ సాయంత్రం నూకరత్నం అరుగు మీద కూర్చుని తల దువ్వుకుంటూ ఎవరితోనో నవ్వుతుంటే దేవప్రసాద్ లేచి కిటికీ మూసేశాడు.

"అసలు మందు దానికి పడింది," అన్నాడు.

"అది రోజూ బెల్లం మార్కెట్టు దాకా నడిచెల్లి నడిచొత్తంది. టీలో పంచదార మానేసింది. నేను మంచం దిగను," అంది రూతమ్మ. "దానికి బాగుంటే నీకేటయ్యా కడుపుమంట? డాక్టరమ్మకి సెప్పి నీకూ ఓ నంబరు ఇమ్మందునా?"

అతనికి నవ్వు రాలేదు. నూకరత్నం నడక, ఆ నవ్వు, మొగుడు త్రినాధరావు సైకిలు వెనక ఎక్కి సినిమాకు పోవడం, అన్నీ తన ఇంట్లోంచి ఎత్తుకుపోయినవే అనిపించాయి. మరుసటి నెల మూతలు మార్చాడు.

ఆ తర్వాత రూతమ్మ కాళ్ళకు నీరు వచ్చింది. పొట్ట ఉబ్బింది. కళ్ళు పచ్చబడ్డాయి. మందు ఆలస్యంగా పడింది, అందుకే, అనుకున్నాడు దేవప్రసాద్.

పదింటికి ఆడవాళ్ళ వార్డుకు వెళ్ళాడు. మంచం పక్కన నూకరత్నం స్టూలు వేసుకుని, చెంచాతో జావ పడుతోంది.

"రెండు సెంచాలు దిగింది అన్నయ్యా. నువ్వెల్లి పని సూసుకో. నేనుంతాను."

"నీకేం, ఒంట్లో బాగుంది. ఉంటావు," అన్నాడు.

నూకరత్నం చెంచా మళ్ళీ జావలో ముంచింది. రూతమ్మ కళ్ళు తెరిచి మొగుడి వంక చూసింది. "సొక్కాకి గుండీ నేదు," అంది. "రత్నం, ఇంటికెల్లేక ఆయనకి కుట్టియ్యే."

మూడింటికి దేవప్రసాద్ ఒక రోగి బరువు చూస్తుండగా వార్డు ఆయా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అతను బరువు రాసి, పెన్ను జేబులో పెట్టుకుని, లేచాడు.

ఐదింటికి డాక్టరమ్మ పిలిచింది. చనిపోయిన వాళ్ళ కవరు తెరవాలని నియమం. కత్తెరతో అంచు కత్తిరించి, కాగితం చదివి, కళ్ళజోడు తీసింది.

"మీ ఆవిడకి అసలు మందే ఇచ్చాం దేవప్రసాద్ గారూ. మొదటి రోజు నుంచీ. ఆ బెంగ పెట్టుకోకండి. మందే ఆవిడకి పనిచెయ్యలేదు. అలాగే రాస్తాను."

"రాయండి," అన్నాడు.

ముప్పై రెండో కవరు బీరువాలోనే ఉంది. తెరవక్కర్లేదు. జతలో ఇద్దరే, ఒకరిది మందైతే ఇంకొకరివి ఉత్తి మాత్రలు.

గదిలోకి వచ్చేసరికి నూకరత్నం గుమ్మంలో నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం వాచింది.

"వదిన్ని బండెక్కిత్తన్నారు, రా అన్నయ్యా. నా డబ్బా కూడా ఇచ్చెయ్యి. మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేను."

అతను ఆమెకు వీపు చూపించి బల్ల వైపు తిరిగాడు. రెండు డబ్బాలూ పక్కపక్కనే ఉన్నాయి. రూతమ్మ మందు పద్నాలుగు నెలలు తిన్నది ఈవిడ. పొద్దున బిగించిన మూతలు రెండూ విప్పాడు. దేని మూత దానికి పెట్టి గట్టిగా బిగించాడు. ముప్పై రెండు ఆమె చేతిలో పెట్టాడు.

"నీది నీకే," అన్నాడు.

ఆమె దాన్ని కొంగున ముడి వేసుకుంది. "డాక్టరమ్మ కవరు ఇప్పిందంట గదా. ఏటంది? వదినకి ఏ మాత్రలు పడ్డాయంట?"

"ఆ మాట నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు."

ఆమె ఎత్తలేదు. అతనూ ఎవరి దగ్గరా ఎత్తలేదు, పాస్టరు గారి దగ్గర మోకరించినప్పుడు కూడా.

దీపం ఆర్పి, గదికి తాళం వేశాడు. లోపల బల్ల మీద ముప్పై ఒకటో నంబరు డబ్బా ఒక్కటే మిగిలింది, నిండుగా, దాని మూత దానికే ఉండి.