చౌడుతో కడిగిన చేతులు

చలి మొదలైన దగ్గర్నుంచీ పెంటమ్మ ఎవరి ముందూ చేతులు బయట పెట్టలేదు. మోచేతుల కింద చర్మం పొడిబారి తెల్లటి పొట్టు లేచింది. గోటితో గీస్తే గీత పడేది. మొదట దుమ్మనుకుంది. కృష్ణా తుంగభద్రల నడిమి నడిగడ్డలో దుమ్ముకు కరువా! కడుక్కుంది. ఆరగానే మళ్లీ తెల్లబడింది. కాళ్లకూ పాకాక ఆమె గుండెలో రాయి పడింది.

అయిజ దగ్గరి ఆ ఊళ్లో పెద్దరోగం అన్న మాట ఎవరూ గట్టిగా అనరు. అననక్కర్లేదు కూడా. వాగు అవతల గుట్ట కింద అంజమ్మ గుడిసె అందరికీ కనబడుతూనే ఉంటుంది. ఒకప్పుడు ఆమెదీ పిల్లలున్న ఇల్లే. చేతిమీద తెల్లమచ్చ కనబడింది, నలుగురు పెద్దలు కూర్చున్నారు, ఆమె గిన్నే గొంగడీ గుడిసెకు చేరాయి. చంకలో బిడ్డను ఆడబిడ్డ తీసుకుపోయింది. ఇప్పుడు పెద్దకొడుకు బండమీద సంగటి పెట్టి, దూరం నుంచి కేకవేసి వెనక్కి వస్తాడు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ కేక విని, ఎవరో చేనులో పిట్టల్ని తోలుతున్నారనుకుంది పెంటమ్మ.

పెంటమ్మకూ చంకలో బిడ్డ ఉన్నాడు. ఇద్దరు పోయాక దక్కినవాడు, ఇంకా పాలు మానలేదు. ఊరు తనను వాగు దాటిస్తే దాటించనీ, వీణ్ని ఎవరి చేతుల్లో పెడతారు?

భయం పట్టిన మనిషి ఊరికే కూర్చోదు. ఏదో ఒకటి చేస్తుంది, చేసేది చాలామటుకు తప్పే చేస్తుంది. మొగుడు వెంకట్రాములు బండి మీద పల్లీలు వేసుకుని రాయచూరు పోయినప్పుడు ఒక ఎర్ర సబ్బు తెచ్చాడు. వాడటానికి కాదు, వచ్చినవాళ్లకు చూపించడానికి. గూట్లో ఉన్న ఆ సబ్బును పెంటమ్మ దొంగచాటుగా తీసి, దవాఖాన వాసన వచ్చేదాకా రుద్దుకుంది. మధ్యాహ్నానికి చర్మం బిగుసుకుపోయింది. పొద్దుగూకేసరికి పగిలింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే అదే.

ఆమె మాత్రం సబ్బుకు బలం చాలలేదనుకుంది. వాగు ఒడ్డున తెల్లగా తేలే చౌడు ఉంది. చాకలివాళ్లు దానితో మురికి బట్టలు ఉడకేస్తారు. ఎంత మొండి మరకనైనా వదిలించే మట్టి ఈ తెలుపును వదిలించదా అనుకుంది. గుడ్డ వేరు, ఒళ్లు వేరు అని చెప్పేవాళ్లెవరు? ఎవరినైనా అడగాలంటే ముందు చెయ్యి చూపించాలి.

ఊరు లేవకముందే బిడ్డను అత్త పక్కన పడుకోబెట్టి, వాగుకు పోయి చౌడుతో తోముకునేది. భగ్గున మండేది. మంట పుడితే రోగం పోతోందని సంతోషపడేది పిచ్చిది. పోయింది రోగం కాదు, పైతోలు. ఎర్రగా కమిలిన చోట మళ్లీ తెల్లపొట్టు, ఈసారి రెండింతలు.

అట్లా ఉండగా అత్త తిమ్మమ్మ ఒక పొద్దున వాకిలి ఊడుస్తూ, "వచ్చే మంగళారం జమ్ములమ్మ గుడి కాడికి పోయి పిల్లగాని పుట్టెంటికలు తీపిద్దాం" అంది. బండి కట్టేముందు తల్లినీ బిడ్డనూ వాకిట్లో పీటమీద కూర్చోబెట్టి, ఐదుగురు ముత్తైదువలు నలుగు పెట్టాలి. తల్లి చేతులు భుజాల దాకా, కాళ్లు మోకాళ్ల దాకా నలుగురి ముందూ తెరవాలి. పెంటమ్మ చేతిలో చెంబు జారిపడింది.

"ఏందే, చెంబు గూడ బరువైందా?" అంది తిమ్మమ్మ. కోడలి మొహం వైపు చూసింది గానీ ఇంకేమీ అడగలేదు.

మర్నాడు వాగులో చౌడు రుద్దీ రుద్దీ, కడిగీ కడిగీ అలసిపోయాక పెంటమ్మకు ఒక సంగతి గుర్తొచ్చింది. అంజమ్మ చేతిలో అప్పట్లో ముల్లు గుచ్చి చూశారట. నొప్పి తెలియలేదట. ఒడ్డున తుమ్మముల్లు విరిచి, కళ్లు మూసుకుని తన చేతిలో గుచ్చుకుంది. కళ్లు తెరిస్తే ముల్లు చర్మంలో నిలబడి ఉంది. నొప్పి లేదు.

మాఘమాసపు నీళ్లలో అంతసేపు నానిన చేతికి ముల్లేమిటి, కొడవలి తగిలినా తెలియదు. భయానికి ఆ లెక్కలు ఎక్కవు. పెంటమ్మ ఆ తడి ఇసుకలోనే కూలబడిపోయింది.

"ఏం జేస్తున్నవే ఈడ?"

వెనక తిమ్మమ్మ. చంకలో బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. పెంటమ్మ గబుక్కున కొంగు లాక్కుంది.

"చెయి తియ్యి."

తీసింది. తిమ్మమ్మ చేతిని చూసింది, పక్కనున్న చౌడు ముద్దను చూసింది, ముల్లును చూసింది.

"ఎన్నొద్దుల సంది?"

"సలి వెట్టినప్పటి సంది అత్తా."

తిమ్మమ్మ వంగి ఆ ముల్లు పెరికి గుప్పిట్లో పెట్టుకుంది. బిడ్డను ఇటు చంకలోంచి అటు చంకలోకి, పెంటమ్మకు దూరంగా మార్చుకుంది. "ముంగట నడువు. తొవ్వల ఎవ్వలతోని మాట్లాడకు" అంది.

ఇల్లు చేరేదాకా పెంటమ్మ వెనక్కి తిరగలేదు. బిడ్డ ఏడుపు వింటుంటే పాలు చేపుకొచ్చి రవిక తడిసింది. ఎదురైన పక్కింటి సత్తెమ్మ బిందె దించి, "అత్తాకోడండ్లు పొద్దుగాల్నే యాడికెల్లి?" అని పలకరిస్తే, "పనుండె" అని తిమ్మమ్మ ఒక్క మాటతో దాటేసింది.

ఇంట్లోకి రాగానే తలుపు గడియ పడింది. పెంటమ్మ అత్త కాళ్ల దగ్గర పడిపోయింది.

"నన్ను ఎల్లగొట్టు అత్తా, పోత. పిల్లగాన్ని మాత్రం దినాం ఒక్కపారి ఆ బండ కాడికి తే. దగ్గరికి రాను. దూరం కెల్లే సూసుకుంట."

తిమ్మమ్మ బిడ్డను ఉయ్యాలలో వేసి, కోడల్ని రెక్కపట్టి పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. మంట ఎగదోసి, ఆ చేతులు వెచ్చబడేదాకా సెగకు పట్టి ఉంచింది. ఆ తర్వాత గుప్పిట విప్పి, చెప్పకుండా ముల్లు గుచ్చింది.

"అవ్వో!"

"నొచ్చిందా?"

"నొచ్చింది."

"ఇంగోపారి."

"వద్దత్తా, వద్దు! పానం పోతుంది!"

తిమ్మమ్మ ముల్లును పొయ్యిలో పారేసి అక్కడే చతికిలబడింది. వాగు నుంచి ఇంటిదాకా అత్త కూడా భయంతోనే నడిచిందని పెంటమ్మకు అప్పుడు అర్థమైంది.

"అంజమ్మ, పాపం, నిప్పుల మీద చెయి వెట్టినా ఎరగకపాయె" అంది తిమ్మమ్మ మొహం తుడుచుకుంటూ. "నీది ఒట్టి పొడిపెయ్యే పిల్లా, పొడితోలు. సలికి ఎండింది, నువ్వు చౌడు వెట్టి కాల్సుకున్నవ్. ఇగ సబ్బు ముట్టకు, చౌడు ముట్టకు."

పెసరపిండి మెత్తగా విసిరి, జల్లెడ పట్టి, పాలమీగడతో కలిపింది. "రుద్దకు. అద్దు. పసిపిల్లకు పూసినట్ల" అంది. గోరువెచ్చని నీళ్లతో కడిగి, తడి పూర్తిగా ఆరకముందే ఆముదం రాసింది. పెంటమ్మకు ఆ రోజు చాలాకాలం తర్వాత చర్మం తనదే అనిపించింది. ఇవన్నీ నీకెట్లా తెలుసని అడిగితే అత్త వినబడనట్టే ఊరుకుంది.

మంగళవారం వచ్చింది. పగుళ్లు మానాయి గానీ తెలుపు పూర్తిగా పోలేదు. ఒళ్లో బిడ్డతో పీటమీద కూర్చున్న పెంటమ్మ చేతిని సత్తెమ్మ పట్టుకుని, కొంగు తొలగించి, ఆగిపోయింది.

"ఏందే ఇది?"

నలుగు పాట ఆగింది. వెనకనున్న ఒకామె రెండడుగులు వెనక్కి వేసింది. "పిల్లగాన్ని ముందు ఇటియ్యుండ్రి" అని ఎవరో అన్నారు. పెంటమ్మ బిడ్డను అదిమి పట్టుకుంది. వాడు ఏడ్చినా వదల్లేదు.

తిమ్మమ్మ వచ్చి పీట పక్కన కింద కూర్చుంది. చెలకలో కలుపుకు వంగినా మడమల మీదికి చీర ఎగ్గట్టని మనిషి ఆమె. దొరసాని పోకడలని ఊరు నవ్వేది. ఆ మనిషి నలుగురి మధ్య చీర మోకాళ్ల దాకా లాగింది. కాళ్లనిండా చేప పొలుసుల్లాంటి పొట్టు.

"సూడుండ్రి. కాపురానికొచ్చిన కాడికెల్లి సలికాలం సలికాలం గిట్లనే. అంజమ్మను దాటిచ్చిననాటి సంది ఇంగ భయంతోని దాసిన. పిండి పూసుకుంట, ఆముదం రాసుకుంట, దాసుకుంట. ఎల్లగొట్టేదుంటే ముందు నన్ను ఎల్లగొట్టుండ్రి."

ఎవరూ కదల్లేదు. తిమ్మమ్మ చీర దించలేదు. పెంటమ్మకు ఆ క్షణం ఒక జన్మంత పొడుగైంది.

సత్తెమ్మ మెల్లగా తిమ్మమ్మ పక్కన గొంతుక్కూర్చుంది. చెవి దగ్గర వంగి, ఎవరికీ వినబడకూడదన్నట్టు అడిగింది:

"వదినా, గా పిండిల ఏమేం గలిపినవ్?"

"ఎందుకే?"

"మా చెల్లెకు..." అంటూ సత్తెమ్మ తన ఎడమచేతిని కొంగులో చుట్టుకుంది.

పెంటమ్మ బిడ్డను అత్త ఒళ్లో పెట్టింది. వంగి, కొంగులో దాగిన ఆ చేతిని బయటికి తీసి, పీట పక్కన గిన్నెలోని మీగడ కలిపిన పిండి మెత్తగా అద్దడం మొదలుపెట్టింది.